పార్టిషన్‌లో వైరు ఎవరి పూచీ?

విజయవాడలో ఇప్పుడు కొత్త ఆఫీసు పెట్టేవాళ్లు లోపల ఇటుక గోడలు కట్టించడం దాదాపు మానేశారు. బందరు రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని ఇంటీరియర్ వాళ్లకు అప్పజెప్తారు. కొన్ని వారాల్లో అల్యూమినియం సెక్షన్లు, పార్టికల్ బోర్డు, గుడ్డ అతికించిన పిన్‌బోర్డులతో వరసలు వరసలుగా సీట్లు, వాటి మధ్య పార్టిషన్లనే పలచటి అడ్డగోడలు తయారవుతాయి. ప్రతి సీటు దగ్గరా కంప్యూటరుకి, మానిటరుకి, ఫోన్ ఛార్జరుకి ప్లగ్ పాయింట్లు ఉంటాయి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అయితే ఒకప్పుడు కాపురాలున్న ఇళ్లే ఆడిటర్ల ఆఫీసులు, కోచింగ్ సెంటర్ల కౌంటర్లు అయ్యాయి. హాల్లో ఫ్యానుకీ టీవీకీ వేసిన పాత వైరింగ్ మీదే ఆ పార్టిషన్ల లోడంతా పడుతోంది.

ఈ రెండు ఊళ్లలో ఆఫీసుల వైరింగ్ పనులు చేయించడం నా వృత్తి. గోడలో ఉన్న వైరు ఎవరు వేశారంటే ఎవరో ఒకరు పేరు చెప్పగలరు. పార్టిషన్ అడుగున వైర్లను మూసే పట్టీలో ఉన్న వైరు ఎవరు వేశారని అడగండి, చాలా ఆఫీసుల్లో చెప్పేవాళ్లుండరు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. లోపలికి కరెంటు తీగ వెళ్లిందంటే ఆ పార్టిషన్‌ని కుర్చీలూ బల్లల లెక్కలో వేయకూడదు. అది బిల్డింగ్ వైరింగే. లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే దాన్ని వేయాలి, పట్టీ మూసేముందు టెస్టు చేయాలి, ఆ టెస్టు కాగితం మీద సంతకం పెట్టాలి.

ఖాళీ ఎక్కడ పడుతుందో రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చదివితే తెలుస్తుంది. ఎలక్ట్రికల్ కొటేషన్ నేల మీద పాయింటు ఇవ్వడంతో ఆగిపోతుంది. ఫర్నిచర్ కొటేషన్‌లో రేస్‌వే, అంటే వైర్లు పోయే దారి, ఉంటుంది, స్విచ్ ప్లేటుకి కోత ఉంటుంది, వైరు దూరడానికి రంధ్రం ఉంటుంది, వైరు మాత్రం ఉండదు. నేల పాయింటుకీ సీటు దగ్గరి సాకెట్‌కీ మధ్య దూరం ఇద్దరి లెక్కలోనూ లేదు. హ్యాండోవర్ ముందు రోజు సాయంత్రం ఓనరు గారు వచ్చి "సిస్టమ్స్ రేపు పొద్దున వచ్చేస్తున్నాయి, ఇంకా పాయింట్లు ఇవ్వలేదేంటి మేస్త్రీ?" అంటారు. మేస్త్రి కుర్రాణ్ణి షాపుకి పంపిస్తాడు. "ఏ వైరు తేవాలన్నా?" అంటే "ఒకటిన్నర చాల్లేరా, కంప్యూటర్లేగా" అంటాడు, అంటే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు. ఆ రాత్రికి పని అయిపోతుంది. పొద్దున్నే సిస్టమ్స్ అన్నీ ఆన్ అవుతాయి, అందరూ సంతోషిస్తారు.

ఇందులో ఆ మేస్త్రిని నేను తప్పుపట్టను. ఎవరూ తీసుకోని పనిని ఆఖరి నిమిషంలో అతని నెత్తిన పెట్టారు. తప్పంతా పని పంచిన తీరులో ఉంది.

చట్టంలో అయితే ఈ ఖాళీ లేదు. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ ఈ సంగతి స్పష్టంగానే చెబుతాయి. కొత్త వైరింగ్ ఒక్కటే కాదు, ఉన్న వైరింగ్‌కి చేర్పులు, మార్పులు, రిపేర్లు కూడా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరే, అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ కింద, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్‌తో చేయించాలి. బల్బు మార్చడం, ఫ్యాను మార్చడం లాంటి, వైరింగ్ సామర్థ్యాన్నీ స్వభావాన్నీ మార్చని చిన్న పనులకే మినహాయింపు. 20 సీట్ల వరసకి 40 సాకెట్లు కలిపితే సామర్థ్యం మారదని ఎవరూ అనలేరు. కరెంటు సరఫరా చేసే సీపీడీసీఎల్ వాళ్లు సర్వీసు ఇచ్చేనాటికి ఆ అంతస్తులో ఉన్న వైరింగ్ వేరు, అద్దెకొచ్చినవాళ్లు తర్వాత మార్చుకున్నది వేరు. రెండోదాన్ని మళ్లీ వచ్చి చూసేవాళ్లు మామూలుగా ఉండరు కాబట్టి నిబంధన కాగితం మీద ఉండిపోతోంది.

అమెరికాలో దీనికోసం కోడ్‌లో, అంటే వైరింగ్ నియమాల పుస్తకంలో, విడిగా ఒక ఆర్టికల్ ఉంది. ఇవాళ మనం చూస్తున్న క్యూబికల్‌కి, అంటే పార్టిషన్ల మధ్య సీటుకి, మూలం కూడా అక్కడే. హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్ రూపొందించిన యాక్షన్ ఆఫీస్ 2 అనే ఫర్నిచర్ 1968లో మార్కెట్‌కి వచ్చింది. గోడలు కదిలేవి అయ్యాక వాటిలో కరెంటు ఎలా నడపాలన్న ప్రశ్న తప్పలేదు. వాళ్ల నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 605వ ఆర్టికల్ దానికి జవాబు. చాలా చిన్నది. మన ఊళ్లో ప్రతి ఇంటీరియర్ కాంట్రాక్టరూ ఒకసారి చదవాలని నా కోరిక. అంకెలు కాపీ కొట్టమని కాదు, వాళ్లది 120 వోల్టులు, మనది 230. ఒక్కో అంకె వెనకున్న కారణం మాత్రం మనకీ వర్తిస్తుంది.

గోడకో నేలకో బిగించేసిన పార్టిషన్ అయితే ఆ కోడ్ మరో మాటకు తావివ్వదు. ప్లగ్గూ త్రాడూ పనికిరావు, బిల్డింగ్‌కి వాడే వైరింగ్ పద్ధతుల్లోనే శాశ్వతంగా కలపాలి. తనంతట తాను నిలబడే పార్టిషన్లకి మాత్రమే ప్లగ్గుతో కరెంటు ఇవ్వనిస్తుంది, అదీ షరతుల మీద. ఒకదానికొకటి ఆనుకుని, కరెంటు కలిసిన వరస మొత్తం 9 మీటర్లు దాటకూడదు. దాని ప్లగ్గు త్రాడు 600 మిల్లీమీటర్లకి మించకూడదు, గట్టి వాడకానికి తయారైనది కావాలి, లోపల ఎర్త్ తీగ ఉండాలి. ఆ ప్లగ్గు పెట్టే సాకెట్ పార్టిషన్‌కి 300 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. ఆ సర్క్యూట్ మీద పార్టిషన్లు తప్ప మరే లోడూ ఉండకూడదు.

600 మిల్లీమీటర్లే ఎందుకు అంటే, త్రాడు పొడుగైతే జనం నడిచే దారిలోకి వస్తుంది. కుర్చీ చక్రాలు దాని మీదుగా వెళ్తాయి, కార్పెట్ కింద దాచాలనిపిస్తుంది, తలుపు సందులోంచి లాగాలనిపిస్తుంది. పొట్టిగా ఉంటే ఇవేవీ కుదరవు. ఇంకో లాభం కూడా ఉంది. సాకెట్ అంత దగ్గర్లో ఉండాలంటే సీట్లు ఎక్కడొస్తాయో ఫ్లోరింగ్ వేసే రోజుకే తేలిపోవాలి. అంటే ఎలక్ట్రికల్ డ్రాయింగ్, ఫర్నిచర్ డ్రాయింగ్ ఒకే టేబుల్ మీదకు రాక తప్పదు. మన దగ్గర జరగనిది సరిగ్గా అదే.

ఇక సాకెట్ల సంఖ్య. ప్లగ్గుతో కలిపిన ఒక వరసలో 15 యాంపియర్ల సాకెట్లు 13కి మించకూడదంటారు. వింత అంకెలా కనిపిస్తుంది కానీ లెక్క సరిపోతుంది. ఆ కోడ్ మామూలు సాకెట్‌కి 180 వోల్ట్ యాంపియర్ల లోడు కడుతుంది. 120 వోల్టుల్లో 20 యాంపియర్ల సర్క్యూట్ ఇవ్వగలిగింది 2400. భాగిస్తే 13 దగ్గర ఆగుతాం. వైరింగ్‌కి మన భారతీయ ప్రమాణమైన ఐఎస్ 732 పాత రూపంలో కూడా ఇలాంటి ఆలోచనే ఉంది. లైటు, ఫ్యాను, 6 యాంపియర్ల సాకెట్లు కలిపి ఒక సబ్ సర్క్యూట్‌లో 10 పాయింట్లు, 800 వాట్లు దాటకూడదని ఏళ్లుగా పాఠంలా చెప్పుకున్నాం. సీటుకి 150 వాట్లు వేసుకుంటే 800లో పట్టేవి 5 సీట్లే. మరి ఎంతో పెద్ద వరసలకు ఒక్క ఒకటిన్నర వైరు లాగి ఎలా ఊరుకుంటున్నాం? పైగా సీటు దగ్గర కంప్యూటర్ ఒక్కటే ఉండదు. అమెరికా ఆఫీసుల్లో చలికాలం కాళ్ల దగ్గర హీటర్ పెట్టుకోవడం సమస్య అయితే, మన దగ్గర మే నెలలో ఏసీ గాలి అందని మూల సీటు వాళ్లు టేబుల్ ఫ్యాను పెట్టుకుంటారు, ఎవరో ఒకరు 1500 వాట్ల కెటిల్ తెచ్చుకుంటారు. లేజర్ ప్రింటర్ వేడెక్కే క్షణాల్లో వెయ్యి వాట్ల దాకా లాగేస్తుంది. కాబట్టి ప్రింటర్‌కీ కెటిల్‌కీ పార్టిషన్‌తో సంబంధం లేకుండా గోడ మీద విడి సర్క్యూట్ ఇవ్వాలి. పార్టిషన్‌లో రెండున్నర వైరు వేసి, సీట్లను చిన్న గుంపులుగా విడగొట్టాలి.

605లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే మాట మరొకటి ఉంది. ప్లగ్గుతో కలిపిన పార్టిషన్లలో న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగని, పంచుకునే సర్క్యూట్లు వేయకూడదు. ఇది మనవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. వీధిలో న్యూట్రల్ తెగి వరసగా టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయిన సంగతి విననివాళ్లు ఎవరున్నారు? మూడు ఫేజులకు ఒకే న్యూట్రల్ ఉన్నచోట ఆ న్యూట్రల్ ఊడితే, 230 వోల్టులు రావాల్సిన సాకెట్ మీద లోడును బట్టి 400 వోల్టులకు దగ్గరగా కూడా వచ్చి పడుతుంది. లోడు బ్యాలెన్స్ చేస్తున్నామని పార్టిషన్ వరసలో మొదటి సీట్లకు ఆర్ ఫేజు, మధ్యవాటికి వై, చివరివాటికి బీ ఇచ్చి, న్యూట్రల్ మాత్రం ఒక్కటే లాగడం నేను చూశాను. అలా వేసినవాళ్లు తెలివైన పని చేశామనే అనుకున్నారు. కదిలించే ఫర్నిచర్‌లో కనెక్టర్ వదులవడానికి ఎక్కువ కాలం పట్టదు. న్యూట్రల్ వదులైన మరుక్షణం అటూ ఇటూ ఉన్న కంప్యూటర్లన్నీ ప్రమాదంలో పడతాయి. ఒక వరసకి ఒకే ఫేజు, దానికి సొంత న్యూట్రల్ ఇవ్వండి. బ్యాలెన్స్ సంగతి వరసకీ వరసకీ మధ్య డీబీలో, అంటే సర్క్యూట్లన్నీ విడిపోయే పంపిణీ బోర్డులో, చూసుకోవచ్చు.

ఇప్పుడు జాయింట్ల సంగతి. పార్టిషన్ మంటలు ఓవర్‌లోడు వల్లే వస్తాయని చాలామంది అనుకుంటారు, లోడు ఎక్కువైతే పడిపోయి కరెంటు ఆపేసే ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఏలూరు రోడ్డులో ఒక ఆఫీసులో వరస చివరి సీట్లకు తరచూ కరెంటు పోతోందంటే వెళ్లి అడుగు పట్టీ విప్పించాను. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒకటి కనిపించింది. టేపు కరిగి బోర్డుకి అంటుకుపోయింది, బోర్డు అరచేయంత మేర నల్లగా మాడింది. ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదట. పడదు. వదులు జాయింటులో కరెంటు పెరగదు, ఆ ఒక్కచోట నిరోధం పెరుగుతుంది. 8 యాంపియర్లు ప్రవహించే తీగలో అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి, అక్కడ పుట్టే వేడి 32 వాట్లు. రిపేరు షాపుల్లో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాన్ని పార్టికల్ బోర్డుకి ఆనించి రోజంతా ఆన్‌లో ఉంచినట్టే అది. 16 యాంపియర్ల ఎంసీబీకి కనిపించేది 8 యాంపియర్లే, దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. కాబట్టి జాయింటును ఎంసీబీ కాపాడదు, జాయింటు సరిగ్గా వేసే చేతులే కాపాడాలి. స్క్రూ టెర్మినల్ ఉన్న బాక్సులో తప్ప దారి మధ్యలో జాయింటు ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఎక్స్‌టెన్షన్ బాక్సు గుచ్చుకుంటూ వరస చివరిదాకా పోవడమంటే, ప్రతి గుచ్చినచోటా ఇలాంటి జాయింటు ఒకటి పెట్టుకుంటూ పోవడమే.

605 చెప్పే ఇంకో మాట కూడా మన పనుల్లో ఎవరూ పట్టించుకోరు. వైరు పోయే దారిలో ఇన్సులేషన్‌ని గాయపరిచే మొనలు, అంచులు ఉండకూడదు. మన దగ్గర అల్యూమినియం సెక్షన్‌ని కట్టర్‌తో కోసి, ఆకురాయి పెట్టకుండానే ఆ రంధ్రంలోంచి వైరు లాగేస్తారు. ఒక రబ్బరు బుష్ వేస్తే సరిపోయేది. వైరు పొట్టు చీరుకుపోయి ఫ్రేముకి తగిలిందా, ఆ వరస ఫ్రేములన్నీ ఒకదానితో ఒకటి బిగించినవే కాబట్టి, ఎక్కడో మూల సీటులో చేయి ఆనించిన అమ్మాయికి షాక్ కొడుతుంది. ఫ్రేముకి గట్టి ఎర్త్ ఉంటే ఆ తప్పు పుట్టినప్పుడే ట్రిప్ అయిపోయి బయటపడుతుంది. సాకెట్లకు ఎర్త్ ఇచ్చి ఫ్రేముని వదిలేయడం ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ కావాలి.

మన ఆఫీసులకే ప్రత్యేకమైన సమస్యలు కొన్ని ఉన్నాయి. మొదటిది నీళ్లు. ఇక్కడ నేల తుడవడమంటే బకెట్, తడిగుడ్డ, రోజూ పొద్దున్నే. రేస్‌వే నేలకి ఆనుకుని ఉంటే ఆ తడి లోపలికి పోతుంది, తొమ్మిదింటికి సిస్టమ్స్ ఆన్ చేయగానే, ఎర్త్‌లోకి కరెంటు లీకైతే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన సాకెట్లను, జాయింట్లను ఎండబెట్టి మళ్లీ వాడొద్దని ఆ రోజుల్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. బురద లోపలే ఉండిపోతుంది, మార్చేయాల్సిందే. కొత్తగా చేయించుకునేవాళ్లు రేస్‌వేని టేబుల్ ఎత్తుకి పెట్టించుకుంటే రోజూ తుడిచే తడి బాధ లేకుండా పోతుంది. ఖర్చులో పెద్ద తేడా రాదు.

ఆర్‌సీసీబీ పడుతోందంటే మన దగ్గర చాలాచోట్ల చేసే వైద్యం దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేయడం. ఈ ఒక్క అలవాటు మానిపించగలిగితే ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. ప్రతి కంప్యూటర్ పవర్ సప్లై ఫిల్టర్ నుంచి ఏ లోపం లేకపోయినా 1 మిల్లీయాంపియర్ అటూ ఇటూగా ఎర్త్‌లోకి లీకవుతుంది. ఒక ఆర్‌సీసీబీ కింద 20 కంప్యూటర్లు పెడితే అది పడక ఏం చేస్తుంది? మామూలు లీకేజీ దాని రేటింగ్‌లో 30 శాతం, అంటే 9 మిల్లీయాంపియర్లు దాటకుండా చూసుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉన్న మాట. అంటే ఒక్కోదాని కింద ఎనిమిది సీట్ల దాకా పెట్టుకోవచ్చు. 24 సీట్లుంటే మూడు పెట్టండి. అనవసరంగా పడటం ఆగిపోతుంది, నిజంగా మనిషికి షాక్ కొట్టినప్పుడు పడే శక్తి మిగులుతుంది.

రెండోది యూపీఎస్. కరెంటు కోతలున్న ఊళ్లలో ఒకే పార్టిషన్‌లో రెండు సప్లైలు నడుస్తాయి, లైన్ కరెంటు ఒకటి, యూపీఎస్ కరెంటు ఒకటి. మెయిన్ ఆపేసి నిశ్చింతగా పట్టీ విప్పిన వైర్‌మ్యాన్‌కి యూపీఎస్ తీగ ప్రాణం మీదకి తెస్తుంది. ఆ రెండిటికీ వేరు దారులుండాలి, న్యూట్రల్స్ కలవకూడదు, యూపీఎస్ సాకెట్ల ప్లేటు రంగు వేరుగా ఉండాలి, డీబీ తలుపు మీద రెండో సప్లై ఉందని రాసి ఉండాలి. వైర్‌మ్యాన్ ప్రాణానికి సంబంధించిన ఈ నాలుగు పనులకూ అయ్యే ఖర్చు ఒక మంచి కుర్చీ ఖరీదు కూడా ఉండదు.

ఇదంతా చెబితే ఓనర్లు అనే మాటలు నాకు తెలుసు. "అద్దె బిల్డింగండీ, పదకొండు నెలల అగ్రిమెంట్, దీనికింత ఎందుకు?" అంటారు. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు పార్టిషన్లు విప్పి తీసుకెళ్తారు కదా, వైరూ ఆర్‌సీసీబీలూ కూడా మీతోనే వస్తాయి. పైగా తరచూ విప్పి బిగించేవాటికే జాయింట్లు ఎక్కువ వదులవుతాయి. "ఫ్యాక్టరీలోనే వైరింగ్ చేసి వచ్చిన మాడ్యులర్ ఫర్నిచర్ కొన్నాం" అనేవాళ్లూ ఉన్నారు. మంచిదే, చేత్తో మెలిపెట్టిన జాయింట్ల కంటే ఆ కనెక్టర్లు ఎంతో నయం. కానీ ఫ్యాక్టరీ వాళ్ల పూచీ ఆ కనెక్టర్ దగ్గర ఆగిపోతుంది. దాన్ని బిల్డింగ్‌కి ఏ వైరుతో, ఏ ఎంసీబీతో, ఏ ఎర్త్‌తో కలిపారన్నది మళ్లీ మన కాంట్రాక్టరు మీదే ఉంటుంది. "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు" అనే మాటకి నా దగ్గర ఆ మాడిన బోర్డు తప్ప వేరే జవాబు లేదు. అక్కడా అప్పటిదాకా ఏమీ కాలేదు.

వర్క్ ఆర్డరులో ఒక్క వాక్యం రాయించుకోండి: డీబీ నుంచి ఆఖరి సీటు సాకెట్ దాకా వైరు, ఎర్త్, టెస్టు అన్నీ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు బాధ్యత. ఫర్నిచర్ వాళ్లు దారి ఇస్తారు, తీగ ముట్టుకోరు. పట్టీలు మూసేముందు, కంప్యూటర్లు పెట్టకముందు, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూసి, కనీసం 1 మెగా ఓమ్ ఉందని రాసివ్వాలి. కొత్త వైరుకి అంతకంటే చాలా ఎక్కువే రావాలి. కొత్త వైరుకి 1 దగ్గర్లో వచ్చిందంటే ఎక్కడో పొట్టు గీసుకుపోయిందని అర్థం.

ఇప్పటికే నడుస్తున్న ఆఫీసులకైతే ఒక ఆదివారం చాలు. మెయిన్ ఆపండి, యూపీఎస్ కూడా ఆపండి, టెస్టర్‌తో చూశాకే పట్టీ విప్పించండి. ముందు నేల పాయింటుకి అతి దగ్గరగా ఉన్న జాయింటు చూడమనండి, వరస మొత్తం కరెంటు దాని మీదుగానే పోతుంది కాబట్టి మాడితే ముందు అదే మాడుతుంది. తర్వాత ఆఖరి సీటు ఫ్రేము నుంచి డీబీలోని ఎర్త్ బార్ దాకా మల్టీమీటరుతో కొలిపించండి. 1 ఓమ్ దాటిందంటే మధ్యలో ఎర్త్ ఎక్కడో వదులైనట్టు లెక్క. అది దొరికి సరిచేసేదాకా, సోమవారం పని ఆగినా సరే, ఆ వరసకి కరెంటు ఇవ్వకండి.